గుంత చెప్పడం

గుంత నాకు కనబడింది. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ మూడు మాటల చుట్టూ తిరగడమే.

ఆదివారం పొద్దున ఆరుంబావు. శంకర్‌పల్లి వైపు వెళ్ళే రోడ్డు, కాస్త పల్లం. నేను ముందు, శ్రీనన్న నా వెనక. సైకిల్ హ్యాండిల్ మీదున్న చిన్న తెరలో ఇరవై నిమిషాల పరీక్ష నడుస్తోంది. పదిహేడో నిమిషం. సగటు 238 వాట్లు. ఆర్నెల్లుగా నేను ఎదురుచూస్తున్న అంకె. ముప్పై అడుగుల దూరంలో, తారు లేచిపోయి, పళ్ళెమంత గుంత. నేను తుంటి కాస్త వంచి సైకిల్‌ని జానెడు ఎడమకి జరిపాను, తప్పించుకున్నాను. చెయ్యి తీసి చూపించలేదు. అరవలేదు. వెనకనుంచి ముందు టైరు పేలిన చప్పుడు, ఆ తర్వాత మనిషి పడ్డ చప్పుడు. ఆ రెండో చప్పుడు ఎలా ఉంటుందో రాయడానికి నాకు చేతకాదు.

కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ పగిలింది, తల బాగానే ఉంది. ఆస్పత్రిలో స్ట్రెచర్ మీద పడుకుని ఆయనే నన్ను ఓదార్చాడు: "రోడ్డే గట్లున్నది తమ్మీ, నువ్వేం జేస్తవ్?"

నేనేం చేస్తానో ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

*

సైకిల్ తొక్కని వాళ్ళ కోసం కాస్త వివరం. ముప్పై దాటాక చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళలాగే నేనూ నడుం నొప్పితో మొదలుపెట్టి సైకిల్ దాకా వచ్చాను. మొదటి ఏడాది ఊరికే తొక్కాను. రెండో ఏడాది 'మెరుగు' అన్న పురుగు కుట్టింది. పెడళ్ళ మీద మనం పెట్టే బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటర్ ఒకటి కొన్నాను. 1980ల్లో ఉల్రిచ్ షోబరర్ అనే జర్మన్ ఇంజినీరు దీనికి దారి తీశాడు. అంతకుముందు సైక్లిస్టు తన కష్టాన్ని వేగంతోనో గుండె వేగంతోనో అంచనా వేసుకోవాల్సిందే. కానీ ఎదురుగాలిలో వేగం అబద్ధం చెబుతుంది, ఎండలో గుండె అబద్ధం చెబుతుంది. వాట్లు చెప్పవు. అబద్ధం చెప్పని వస్తువు దొరికితే ఇంజినీరు ఏమవుతాడో మీరు ఊహించుకోగలరు.

ఇరవై నిమిషాలు చేతనైనంత గట్టిగా తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం లెక్కేస్తే, దాదాపు గంటసేపు నిలబెట్టగల శక్తి ఎంతో తెలుస్తుంది. దాన్ని ఎఫ్‌టీపీ అంటారు. నాది మొదట 204. శిక్షణంతా ఈ ఒక్క అంకె మీద నిలబడుతుంది. ఇందులో నేర్చుకున్న విషయాలు నిజంగానే నన్ను ఆశ్చర్యపరిచాయి. ఉదాహరణకి, ఎక్కువ రోజులు మెల్లగా తొక్కాలి. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు గమనించిన ప్రకారం అగ్రశ్రేణి క్రీడాకారుల శిక్షణలో 80 శాతం దాకా మాట్లాడుతూ చేయగలిగినంత తేలికైనదే; ఒళ్ళు హూనమయ్యేది మిగతా 20. మనలాంటి ఔత్సాహికులు దీనికి తలకిందులు: రోజూ మధ్యరకం కష్టం పడి, మెల్లగా తొక్కడానికి సిగ్గుపడతాం. ఇంకోటి, బలం పెరిగేది తొక్కేటప్పుడు కాదు, తొక్కాక తిని నిద్రపోయేటప్పుడు. పెద్ద గేరులో మోకాళ్ళు అరగదీసే కన్నా, చిన్న గేరులో నిమిషానికి 85, 90 సార్లు పెడల్ తిప్పడం మేలు. మలుపులో బ్రేకు వేయకూడదు, మలుపుకి ముందే వేయాలి. బయటివైపు కాలు కిందికి దించి, వెళ్ళాల్సిన చోటుని చూడాలి. గుంతని చూస్తే గుంతలోకే పోతాం, పక్కనున్న మంచి రోడ్డుని చూస్తే అటు పోతాం.

అన్నిటికన్నా పెద్ద పాఠం గాలి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచాలంటే గాలి కోసం పెట్టే శక్తి 33 శాతం పెంచాలి. అందుకే సైక్లిస్టులు ఒకరి వెనక ఒకరు తొక్కుతారు. ముందువాడు చీల్చిన గాలిలో వెనకవాడికి, వేగాన్నీ ఎడాన్నీ బట్టి, నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. డ్రాఫ్టింగ్ అంటారు. కాకపోతే ఆ లాభానికి వెల ఉంది. వెనకవాడికి రోడ్డు కనబడదు. గంటకి 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 10 మీటర్లు. ముందు చక్రానికీ అతని చక్రానికీ మధ్య అర మీటరు ఎడం ఉంటే, అది సెకనులో ఇరవయ్యో వంతు. అంటే వెనకవాడు తన కళ్ళు తీసి ముందువాడి చేతిలో పెట్టినట్టే. ముందువాడు చెయ్యి కిందికి చాపి గుంత చూపిస్తాడు, ఇసుక ఉంటే అరచెయ్యి ఆడిస్తాడు, హఠాత్తుగా బ్రేకు వేయడు. ఇవి మర్యాదలు కావు. ఆ ఆట నిలబడేదే వీటి మీద.

ఇక్కడే నా ప్రశ్న. ఆ రోజు నేను చేసింది నైపుణ్యంలో లోపమా, మనిషిలో లోపమా?

*

నాకు నేను చెప్పుకున్న మొదటి జవాబు శరీర శాస్త్రం. పదిహేడో నిమిషంలో మనిషి మామూలు మనిషి కాడు. చూపు సొరంగంలా కుంచించుకుపోతుంది, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి. ఆ స్థితిలో వెనకెవరున్నారో గుర్తు రాకపోతే తప్పు పట్టగలమా?

పట్టగలం. అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథం మూడో భాగంలో తాగినవాడి సంగతి మాట్లాడతాడు. తాగి తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే చట్టాలున్నాయని చెబుతాడు. ఎందుకంటే ఆ మత్తు ఎక్కడినుంచో ఊడిపడలేదు, తాగకుండా ఉండడం అతని చేతిలోనే ఉంది. నా అలసట కూడా అంతే. ఇరవై నిమిషాలు ఒళ్ళు మరిచేలా తొక్కాలని నిర్ణయించుకున్నది శనివారం రాత్రి, ఏసీ గదిలో, పూర్తి స్పృహలో. నా వెనక ఇంకో మనిషి ఉంటాడని తెలిసీ. కాబట్టి గుంత దగ్గర నా బాధ్యత తగ్గితే తగ్గి ఉండొచ్చు. అది మాయమైపోలేదు, వెనక్కి జరిగి శనివారం రాత్రి దగ్గర కూర్చుంది.

పైగా, నిజం చెప్పాలంటే, నాకు గుర్తు రాకపోవడం కాదు. వచ్చింది. గుంత కనబడ్డ క్షణానికీ దాటిన క్షణానికీ మధ్య ఒక మాట మెదిలింది: 'చూసుకుంటాడులే.'

రెండో జవాబు మా వృత్తిలో అందరికీ కంఠతా వచ్చింది. కొలతని లక్ష్యంగా పెట్టుకుంటే అది మంచి కొలతగా మిగలదంటారు, ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద. అంకెల వెంట పడితే అసలుది పోతుంది, అంకెలు పారేసి హాయిగా తొక్కు, అని నీతి. ఇలాంటి వ్యాసాలు సాధారణంగా ఇక్కడ ముగుస్తాయి. కానీ నాకు ఇది సరిపోలేదు. ఎందుకంటే నా అంకె అబద్ధం కాదు. నేను నిజంగానే బలపడ్డాను. 204 నిజంగానే 226 అయింది. అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు ఆ తేడా నా కాళ్ళకి తెలుస్తుంది. కొలత చెడిపోలేదు. కొలిచింది కొలిచినట్టే ఉంది. చెడింది కొలత అడగని చోట.

మళ్ళీ అరిస్టాటిల్ దగ్గరకే వెళ్ళాను, ఆరో భాగానికి. అక్కడ ఒక చిన్న వాక్యం ఉంది. నైపుణ్యానికీ వివేకానికీ తేడా చెబుతూ అంటాడు: నైపుణ్యంలో కావాలని తప్పు చేసినవాడు, తెలియక తప్పు చేసినవాడికన్నా మేలు, నడవడిలో దానికి తలకిందులు. మొదటిసారి చదివినప్పుడు తికమక పడ్డాను. తర్వాత ఆఫీసు గుర్తొచ్చింది. ఇంటర్వ్యూలో ఎలా ఉంటుందో చూపిద్దామని కావాలనే తప్పు కోడ్ రాసి చూపించే సీనియర్ ఉన్నాడనుకోండి. అతని సామర్థ్యానికి మచ్చ రాదు. అదే తప్పు తెలియక రాసిన కుర్రాడు ఇంకా నేర్చుకోవాలి. ఇప్పుడు అదే సీనియర్ రిలీజు ముందురోజు ఒక బగ్ చూసి, చెబితే డేట్ జరుగుతుందని ఊరుకున్నాడనుకోండి. తెలిసి ఊరుకున్నాడు కాబట్టి అతని నైపుణ్యం చెక్కు చెదరలేదు. కానీ తెలిసి ఊరుకున్నాడు కాబట్టే ఆ మనిషి దిగజారాడు. గుంతని చూడలేకపోయినవాడికి ట్రైనింగ్ ఇవ్వొచ్చు. చూసి తప్పించుకుని చెప్పనివాడికి ఏ ట్రైనింగ్ ఇస్తాం? నేను ఆ గుంతని తప్పించిన తీరు, చెప్పకూడదు గానీ, చాలా బాగుంది.

*

ఈ ఆటలో పెద్దవాళ్ళు కూడా ఇలాంటి చోట్ల నిలబడ్డారు. 2010 టూర్ డి ఫ్రాన్స్, పదిహేనో స్టేజి. పోర్ట్ డి బాలెస్ అనే కొండ మీద పసుపు జెర్సీలో ఉన్న ఆండీ ష్లెక్ చైను ఊడింది. వెనకున్న అల్బెర్తో కాంతదోర్ ఆగలేదు, దాటి వెళ్ళిపోయాడు. ఆ రోజు అతను సంపాదించింది 39 సెకన్లు. మొత్తం పోటీలో ష్లెక్ మీద అతను గెలిచిన తేడా కూడా సరిగ్గా 39 సెకన్లే. నాయకుడి సైకిల్ పాడైతే ఆగాలని ఏ రూల్‌బుక్‌లోనూ లేదు. అయినా ఆ సాయంత్రం పోడియం మీద జనం ఈలలు వేశారు, రాత్రికి కాంతదోర్ క్షమాపణ చెబుతూ వీడియో పెట్టాడు. రెండేళ్ళ తర్వాత డోపింగ్ కేసులో ఆ టైటిల్ పోయి ష్లెక్‌కి వచ్చింది. అది వేరే కథ. రూల్‌బుక్ ఆ కథని పట్టుకోగలిగింది, చైను కథని పట్టుకోలేకపోయింది.

2022లో పద్దెనిమిదో స్టేజి. స్పాండెల్ కొండ దిగుతూ తదేయ్ పొగాచర్ కంకర మీద జారిపడ్డాడు. పసుపు జెర్సీలో ఉన్న యోనాస్ వింగెగార్డ్ వేగం తగ్గించి ఆగాడు. పొగాచర్ వచ్చి కలిశాక ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ తర్వాత ఒటాకమ్ కొండ మీద వింగెగార్డే గెలిచాడు, పొగాచర్‌ని నిమిషానికి పైగా వెనకేసి. చూశారా, మంచితనానికి ప్రతిఫలం ఉంటుందని ఇక్కడ ముగించడం నాకిష్టం లేదు. ఓడిపోయి ఉంటే కూడా అతను చేసింది మంచి పనే. నన్ను ఆపింది వేరే విషయం. వాళ్ళిద్దరి ముందూ కెమెరా మోటారు సైకిళ్ళున్నాయి, లోకం చూస్తోంది. శంకర్‌పల్లి రోడ్డు మీద ఎవరూ లేరు. నా సైకిల్ కంప్యూటరు ప్రతి సెకనూ రాసిపెట్టింది: వాట్లు, గుండె వేగం, ఎత్తు, చోటు. ఆ ఫైలుని ఎన్నిసార్లు తెరిచి చూశానో. గుంత దగ్గర గీత నిటారుగా, నిశ్చలంగా ఉంది. అంత చక్కటి గీత నా జీవితంలో ఇంకోటి లేదు.

*

మన దగ్గర సాధన అనగానే అందరికీ గుర్తొచ్చేది వేమన పద్యం. పాడుతూ ఉంటే రాగం పదునెక్కుతుందనీ, తింటూ ఉంటే వేప కూడా తియ్యబడుతుందనీ, సాధన ఉంటే పనులవుతాయనీ మూడు మాటలు. చిన్నప్పుడు బడిలో చదివినప్పటి నుంచీ ఈ మూడూ ఒకటే అనుకున్నాను. ప్రమాదం తర్వాతే మధ్యలోది వేరని అనుమానం వచ్చింది. పాడితే పాట మారుతుంది. తింటే వేప మారదు. చెట్టు మీద వేప ఎప్పటి వేపే. మారేది నాలుక. సాధన మనకి కొత్త శక్తినిస్తుంది, నిజమే. దాంతోపాటే ఒకప్పుడు ఓర్చుకోలేనిదాన్ని రుచి తెలియకుండా మింగేలా కూడా చేస్తుంది. కొండ ఎక్కేటప్పుడు కాళ్ళ మంటకి అలవాటు పడడం ఇలాంటిదే, అది మంచిదే. కానీ నాలుకకి అది వేపా విషమా అని తేడా తెలియదు. దేనికైనా అలవాటు పడుతుంది.

ఆర్నెల్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. శ్రీనన్నతో తొక్కడం మొదలుపెట్టిన కొత్తలో ప్రతి గుంతా, ప్రతి స్పీడ్ బ్రేకరూ, కుక్కపిల్లనీ చూపించేవాణ్ణి. ఆయనే నవ్వేవాడు, "గింత చిన్నదానికి జెప్పకు తమ్మీ" అని. తర్వాత చిన్నవి మానేశాను. హ్యాండిల్ మీంచి చెయ్యి తీస్తే ఒంగిన ఒళ్ళు లేస్తుంది, లయ తప్పుతుంది, తెర మీద అంకె ఊగుతుంది. అందుకని మధ్యరకం గుంతలకి తల ఊపేవాణ్ణి. తర్వాత తల ఊపడం కూడా, పరీక్ష రోజుల్లో, అప్పుడప్పుడు. 'చూసుకుంటాడులే' అన్న మాట ఆ ఆదివారం పుట్టింది కాదు. దాన్ని వారానికి మూడు రోజులు సాధన చేశాను. ఆర్నెల్లలో నేను 22 వాట్లు పెంచుకున్నాను, అదే ఆర్నెల్లలో గుంత చెప్పకుండా ఉండడంలో కూడా శిక్షణ పొందాను. రెంటికీ పద్ధతి ఒక్కటే: కొంచెం కొంచెంగా, ఒళ్ళు అలవాటు పడేదాకా, నొప్పి తెలియకుండా.

మా నాన్న నంద్యాల దగ్గర ఒక పల్లెలో టీచరు. రోజూ తొమ్మిది కిలోమీటర్లు సైకిల్ మీద పోయి వచ్చేవాడు. ఆయనకి మెరుగవ్వాలన్న ఆలోచన ఎప్పుడూ వచ్చినట్టు లేదు. నాకు ఆరేడేళ్ళప్పుడు వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనబడేది కాదు. "గుంతొస్తాంది, గట్టిగా పట్టుకో." ఆ దారిలో గుంతలకి కొదవ లేదు, ఆయన ఒక్కటి కూడా వదలలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. వెనక కన్నకొడుకుంటే ఎవరైనా చెబుతారు. కొడుకు కానివాడు వెనకుంటే చెప్పడానికే సాధన కావాలి.

*

మూడో వారం శ్రీనన్న ఇంటికి వెళ్ళాను. చెయ్యి మెడకి కట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. వదిన చాయ్ పెట్టింది. ఆవిడ లోపలికి వెళ్ళాక చెప్పాను: "అన్నా, ఆ గుంత నాకు కనబడింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. టీవీ కేసి చూశాడు. అది ఆపేసి ఉంది.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

అర్థం కాలేదు. "ఎంతేంటి?"

"వాట్లు."

"238."

"మంచిగొచ్చింది," అన్నాడు. ఎగతాళి లేదు, అదే నాకు కష్టంగా ఉంది. కాసేపటికి, "జెప్తే ఎంతొచ్చేదంటవ్?" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్కేశాను. చెయ్యి తీసి చూపించడానికి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ పెడల్ అసలు తొక్కలేదనే అనుకుందాం. ఇరవై నిమిషాలంటే 1200 సెకన్లు. 238ని 1200తో భాగించి రెండుతో హెచ్చిస్తే 0.4. అర వాటు కూడా కాదు. మీటరు అంత సన్నటి తేడాని నమ్మకంగా కొలవలేదు కూడా. తెర మీద బహుశా 238 అనే ఉండేది.

ఇంత తక్కువకి చేశానా అని మొదట సిగ్గేసింది. తర్వాత అనిపించింది, ఎక్కువకి చేసి ఉంటే సిగ్గు తగ్గేదా? ఏ అంకె దగ్గర ఒక మనిషి కాలర్ బోన్ గిట్టుబాటవుతుంది? లెక్క మొదలుపెట్టిన క్షణంలోనే తప్పు దారిలో ఉన్నాను. ముందు కూర్చుని గాలి చీల్చేవాడు వెనకవాడికి ఏదో దానం చేస్తున్నట్టు అనుకుంటాడు. వెనకవాడు ఇచ్చింది అంతకన్నా పెద్దది, తన చూపు. దాన్ని వాట్లలో తిరిగి ఇవ్వలేం.

నేను మార్చుకున్నవి చిన్న విషయాలు. పరీక్షలు, గట్టిగా తొక్కే రోజులు ఒంటరిగానే. ఎవరైనా వెనకుంటే తెర మీద వాట్లు తీసేసి మ్యాపు పెట్టుకుంటాను. చిన్న గుంత కూడా చూపిస్తాను, నవ్వినా సరే. వీటివల్ల నేను మంచివాణ్ణయ్యానని చెప్పను. మంచితనానికి ఇరవై నిమిషాల పరీక్ష లేదు. అలవాటు చెడ్డదారిలో ఎంత నిశ్శబ్దంగా పనిచేసిందో చూశాను కాబట్టి, మంచిదారిలో కూడా అలాగే పనిచేస్తుందేమోనని ఆశ.

నాలుగు నెలల తర్వాత శ్రీనన్న మళ్ళీ సైకిలెక్కాడు. నాతోనే వస్తాడు, నా వెనకే. కాకపోతే ఇదివరకటికన్నా ఒక మీటరు ఎడం పెట్టి, కొంచెం పక్కకి జరిగి, నా భుజం మీదుగా రోడ్డు చూసుకుంటూ తొక్కుతాడు. డ్రాఫ్టింగ్ అలాగే చేయాలి, చక్రాన్ని కాదు, దూరాన్ని చూడాలి. కొత్తవాళ్ళకి నేనూ అదే చెబుతాను. ఆ మీటరు ఎడం వల్ల ఆయనకి కొంత గాలి ఎక్కువ తగులుతుంది, అంతే. అది ఎన్ని వాట్లో లెక్క కట్టొచ్చు. ఇంతవరకూ కట్టలేదు.